సాంబ్రాణి పొగ, సొరంగం ఫ్యాను

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఉద్యోగం పర్మనెంట్ చేస్తారా, చేయరా అని మథనపడుతూ రాయపూర్ అంతా స్కూటీ మీద తిరిగేదాన్ని. మా కంపెనీ రోడ్డు సొరంగాలకు పెద్ద ఫ్యాన్లు తయారుచేసేది. లోపల ఏదైనా బండి అంటుకుంటే పొగను ఒక పక్కకు తోసేసి, జనం రెండో పక్కనుంచి బయటపడేలా చేయడం వాటి పని. అది చూపించడానికి గుఢియారీ పేటలోని మా షెడ్డులో రేకులతో పొడుగాటి నమూనా సొరంగం కట్టాం. పరీక్ష చూడడానికి ఫ్యాన్లు కొనే రోడ్ల శాఖ నుంచి పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారు, బాధ్యతంతా నాది. ఇది గట్టెక్కితేనే నీ ఉద్యోగం ఖాయమని మేనేజరు ముందే చెప్పేశాడు.

తీరా చూస్తే పరీక్షకు కావలసిన పొగ డబ్బాలు రాలేదు. పొద్దున్నే ఇంట్లో గోళ్లు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మ (మాది శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం) విసుక్కుంది. "పొగే గదే కావాల? తలంటుకి సాంబ్రాణి ఎయ్యట్లేదేటి? బొగ్గులూ, కొబ్బరి పీచూ పట్టుకుపో. ఖాళీపీలీ టెన్షనేటి!"

పట్టుకుపోయాను. అందరూ వచ్చి సొరంగం ఒక గుమ్మం ముందు కూర్చున్నాక, మధ్యలో నిప్పుల మూకుళ్లు పెట్టి, గుప్పెళ్లతో సాంబ్రాణి జల్లాను. ఫ్యాను హోరుమంది. చిక్కటి పొగ లేచి, పోవలసిన పక్కకు కాకుండా తిన్నగా మా కుర్చీల మీదికొచ్చింది! ఎలక్ట్రీషియన్ భయ్యా వైర్లు తారుమారుగా కలిపేశాడు. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. తీరా పక్కకు చూస్తే ఇంజనీరుగారు, మేనేజరు, భయ్యాతో సహా అందరూ లేచి, బూట్లు విడిచి, కళ్లు మూసుకుని చేతులు జోడించి నిలబడ్డారు. మేనేజరైతే పొగను రెండు చేతులా కళ్లకద్దుకుంటున్నాడు. ఆ వాసనకి షెడ్డు కాస్తా గుడి అయిపోయింది.

నేను నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. (నా నోరు ఏనాడు ఆగింది కనుక!) "సార్, ఉల్టా హై! మనుషులున్న వైపే వస్తోంది!" అని అరిచేశాను.

ఇంజనీరుగారు ఒక కన్ను తెరిచారు. "క్యా ఉల్టా హై, బేటీ?" అని దగ్గుతూ అడిగారు. మేనేజరు చూసిన చూపుకి నా ఉద్యోగం పొరుగూరు ఆరంగ్ బస్సెక్కి వెళ్లిపోయిందనుకున్నాను. భయ్యా పరుగున వెళ్లి రెండు వైర్లు అటుదిటు మార్చాడు. మళ్లీ సాంబ్రాణి, మళ్లీ హోరు. ఈసారి పొగ బుద్ధిగా అవతలి గుమ్మంలోంచి పోయింది. ఇంజనీరుగారు బూట్లు వేసుకుంటూ మేనేజరుతో హిందీలో అన్నారు: "ఇందరిలో కళ్లు తెరుచుకుని ఉన్నది ఈ పిల్లొక్కతే. వదులుకోకండి."

వదులుకోలేదు. ఇప్పటికీ ఏ సొరంగంలోకి బండి దూరినా తలెత్తి ఫ్యాన్లు చూస్తాను, ఎక్కడినుంచో తలంటు వాసన వస్తుంది. పండగపూట ఇంట్లో అమ్మ సాంబ్రాణి వేస్తే అందరూ కళ్లు మూసుకుంటారు, నేను మాత్రం పొగ ఎటు పోతోందా అని చూస్తుంటాను. "ఒక్కపాలైనా కళ్లు మూసుకుని దణ్ణమెట్టవే!" అంటుంది అమ్మ. కాలు నిలవని ఆ పిల్ల ఇంకా నాలోనే ఉందని నవ్వొస్తుంది. దణ్ణం రేపు పెడతాలే అనుకుని, లేచి కిటికీ తెరుస్తాను.