హెన్రీ మేస్త్రి ఒంట్లో గేట్లు ఎత్తిన కథ

వేంపల్లె హెన్రీ మేస్త్రి యాభై దాటిన వయసులో, ఈస్టర్‌కు ముందు వచ్చే ఒక్క శ్రమకాలంలోనే, జానెడు పెరిగాడు.

జానెడంటే మరీ జానెడు కాదు. పొడుగు అసలే కాదు. పెరిగినవి వేళ్లు, పాదాలు, చొక్కా గుండీల దగ్గర కాస్త పొట్ట. పెళ్లి ఉంగరం వేలికి బిగుసుకుపోయి సబ్బు నురగకూ రాలేదు, కొబ్బరినూనెకూ రాలేదు. పెరిగింది ఆయన పిచ్చి ఒక్కటేనని భార్య కృపమణి అంటుంది. ఆమె మాట కూడా తీసిపారేసేది కాదు.

హెన్రీది అరటికాయల లోడింగు పని. చుట్టుపక్కల తోటల్లో గెలలు కోసి లారీకి ఎత్తే ముఠాకు అతను పెద్ద. వయసులో ఉన్నప్పుడు రెండు భుజాల మీద రెండేసి గెలలు పెట్టుకుని, గట్టు మీద నడుస్తూనే బీడీ వెలిగించుకునేవాడని చెప్తారు. చేతులు రెండూ గెలల మీద ఉంటే అగ్గిపుల్ల ఎవరు గీసేవారని అడిగితే మాత్రం మాట మారుస్తారు.

అయితే అతనికి పేరు తెచ్చింది గెలలు కాదు, సిలువ. వాళ్ల చర్చిలో ఒక ఆచారం ఉంది. మంచి శుక్రవారం పొద్దున చర్చి గుమ్మం నుంచి ఊరి పక్క గుట్ట మీదికి తుమ్మమాను సిలువను ఒక్క మనిషే మోయాలి. తక్కినవాళ్లు పాటలు పాడుకుంటూ వెనక నడవాలి. దారంతా రాళ్లు, పైన ఎండ. సిలువ పాతకాలం వాళ్లు చేసింది, బరువు తగ్గిద్దామన్న ఆలోచన వాళ్లకు వచ్చినట్టు లేదు. మీసాలు ముదిరినప్పటి నుంచి ఏటా హెన్రీయే దాన్ని మోశాడు. పోయిన ఏడు మాత్రం గుట్ట మలుపులో కుడి మోకాలు కలుక్కుమంది. సిలువ ఒరిగింది. వెనకనే వస్తున్న ట్రాక్టర్ మెకానిక్ యేసుప్రసాద్ చటుక్కున భుజం పెట్టాడు.

“భయపడొద్దు మామా, నేనుండా” అన్నాడు, మంచికే.

ఆ మాటను హెన్రీ ఏడాది పొడుగునా నమిలాడు. కృపమణికి బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. తెల్లారేసరికి అక్కడికొచ్చి బెంచీ మీద కూర్చుని అదే అడిగేవాడు.

“నేను భయపడినట్లు కనిపిస్తినా మే?”

“భయపడలే. పడబోతివి, అంతే” అనేది ఆమె, ఉగ్గానికి తాలింపు వేస్తూ.

ఈ ఏడు సిలువను ఇద్దరి చేత మోయిద్దామని కమిటీలో కొందరు అంటున్నారని, సంగతి ఆ శుక్రవారానికి ముందొచ్చే మట్టల ఆదివారం తేలుస్తామని పాస్టరు దావీదురాజు అయ్యగారు చెప్పారు. హెన్రీకి కాళ్ల కింద నేల కదిలింది. ఒక్క ఏడైనా చాలు, ఆ మలుపు తను ఒక్కడే దాటాలి. అది దాటితే ఆ తర్వాత సిలువ ఎవరికిచ్చినా అతనికి బాధలేదు.

సరిగ్గా అప్పుడే భూపేష్ దొరికాడు. కడప రోడ్డులో జిమ్ము నడిపే రైతుబిడ్డ, గోడల నిండా తన ఫోటోలే పెట్టుకున్నాడు. హెన్రీ గోడు విని, లోపలి నుంచి చిన్న చిన్న శీశాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఇది గ్రోత్ హార్మోన్ కాదు మేస్త్రీ. ఆ హార్మోన్‌ను రిలీజ్ చేసే పెప్టైడు. మన ఒంట్లో ఉండేదాన్నే మనకు ఇస్తాది.”

హెన్రీ చెవిలో ఆ ఒక్క మాటే నాటుకుంది. రిలీజ్. వేంపల్లెలో ఆ మాటకు సినిమా అర్థం తర్వాత. ముందు అర్థం డ్యామ్ గేట్లు ఎత్తడం, కాలువకు నీళ్లు వదలడం. రిలీజ్ అన్న మాట పేపర్లో పడితే చాలు, చీనీ, అదే బత్తాయి, తోటలవాళ్లు తువ్వాళ్లు దులుపుకుని గట్ల మీదికి లేచిపోతారు.

ఇంటికొచ్చి భార్యకు అదే చెప్పాడు. “తలకాయలో చిన్న డ్యామ్ ఉండాదంట మే. వయసు మీద పడేకొద్దీ గేట్లు బిగుసుకుపోతాయంట. ఈ సూది ఏసుకుంటే లేస్తాయి.”

“గేట్లు లేస్తాయి సరే. డ్యామ్‌లో నీళ్లుండాల గదప్పా.”

“నీకు అన్నీ తెలుసు” అని శీశాలు తీసుకుపోయి ఆమె అంగడి ఫ్రిజ్‌లో, చట్నీ గిన్నె పక్కన పెట్టాడు. ఆ రోజు నుంచి కృపమణి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా పళ్లు కొరుక్కుంది.

మందు వేసుకోవాల్సింది పడుకోబోయే ముందు, ఖాళీ కడుపు మీద. తిన్న కడుపుకైతే సరిగా పనిచేయదని భూపేష్ గట్టిగా చెప్పాడు. హెన్రీ మొదలుపెట్టింది శ్రమకాలం మొదటి రోజైన భస్మ బుధవారం నాడు. కావాలని కాదు, శీశాలు చేతికొచ్చింది అప్పుడే.

ఆ వారం చర్చి స్త్రీల మైత్రి కూటంలో కృపమణి తన కష్టం చెప్పుకుంది. “మా ఆయన రాత్రిపూట అన్నం ముట్టడం లే. వేడి సంగటి పెడితే దాన్ని చూసి లేచి పోతాండాడు.”

పక్కన కూర్చున్న గిడ్డమ్మ కళ్లు తుడుచుకుంది. “శ్రమకాలం గదమ్మా. ఉపవాసం పట్టినాడు. చెప్పుకుంటే ఫలం పోతాదని నీకు గూడా చెప్పలే.”

కృపమణి నోరు తెరిచింది. సూదులు, శీశాలు, తలకాయలో డ్యామ్, ఇదంతా అంతమంది ఆడవాళ్ల ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసింది. ఆ నోరు ఎందుకు మూశానా అని ఈస్టర్ దాకా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఆదివారం దావీదురాజు అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, “మనలో ఒక సహోదరుడు రాత్రి భోజనం విడిచిపెట్టినాడు. ఎవరికీ చెప్పుకోలేదు” అన్నారు. చర్చి మొత్తం హెన్రీ వైపు తిరిగింది. హెన్రీ తల వంచుకున్నాడు.

“అబద్ధం చెప్తివి గదా” అంది కృపమణి ఇంటికొచ్చాక.

“నేనేం చెప్తిని? తల వంచితిని. మెడ నొప్పి ఉండకూడదా?”

ఇక ఆ మందుకు ఒక గుణముంది, ఆకలి తెస్తుంది. రాత్రి మానుకున్న సంగటికి బదులు హెన్రీ పొద్దున్నే అంగడి పరదా వెనక చేరి ఉగ్గాని మీద పడేవాడు. ఊరి కంట్లో ఉపవాసి కాబట్టి బయట తినలేడు. కట్టెల అడితి నాగన్న ఒకసారి టీ తాగుతూ చెవి రిక్కించాడు.

“అక్కా, లోపల ఏదో బజ్జీ నములుతాంది.”

“ఎలుక.”

“శబ్దం చూస్తే పందికొక్కు మాదిరి ఉండాదే.”

“ఇంట్లో చేరినాక ఏదైతేనేమప్పా, మేపాల్సిందే” అంది కృపమణి, పరదా వైపు చూడకుండా.

మొదటి రోజుల్లో సూది గుచ్చిన చోట పొట్ట మీద ఎర్ర మచ్చలు తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత నిద్ర వచ్చింది. అది మాత్రం నిజంగానే వచ్చింది. గురకకు కిటికీ రెక్కలు కొట్టుకునేవని అంటారు, ఆ కిటికీకి రెక్కలు ఊడిపోయి చాలా కాలమైంది గానీ, గురక సంగతి అబద్ధం కాదు. తోటలో ముఠా ఎదురుచూస్తుంటే మేస్త్రి పొద్దెక్కినా లేచేవాడు కాదు. లేపితే, “బలం నిద్రలోనే తయారవుతాది, చెరపొద్దు” అనేవాడు.

లేచాక బలం పరీక్ష. అంగడిలో నిండు గ్యాస్ సిలిండర్ పట్టుకుని భుజం దాకా ఎత్తబోయేవాడు. అది నిన్న ఎక్కడ ఆగిందో ఇవాళా అక్కడే ఆగేది.

“ఇంకా చివరాయకట్టుకు నీళ్లు రాలే” అనేవాడు రొప్పుతూ.

“నీ ఆయకట్టు మునగ. ఆ సిలిండర్ దించు, నూనె చల్లారిపోతాంది.”

సగం శ్రమకాలం గడిచేసరికి వేళ్లు ఉబ్బాయి. పొద్దున లేస్తే అరచేతులు తిమ్మిరెక్కి, చెంబు పట్టుకున్నాడో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. చెప్పుల పట్టీలు పాదాల మీద గాట్లు పెట్టాయి. భూపేష్‌ను అడిగితే, మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు అన్నాడు.

“మరి బలం?”

“మూడు నెలలకు కొంచెం తెలుస్తాది. ఆరు నెలలకు బాగా తెలుస్తాది.”

“మంచి శుక్రవారం ఆరు నెలలు ఆగుతాదా అప్పా?”

“వచ్చే ఏటి శుక్రవారానికి చూసుకో అన్నా, నిన్ను ఆపేటోడు ఉండడు.”

ఆ మాట విన్న కృపమణి ఆ రోజే అంగడి మూసింది. శీశాలను తడిగుడ్డలో చుట్టి, మొగుణ్ణి బస్సెక్కించి, కడపలో డాక్టర్ శిల్ప దగ్గర కూర్చోబెట్టింది.

శిల్ప హెన్రీ వేలి నుంచి నెత్తుటి చుక్క తీసి షుగరు చూసి, శీశాను వెలుతురుకు పెట్టి చూసింది. “ఇది ఎవరు రాసిచ్చారు?”

“భూపేష్.”

“డాక్టరా?”

“కండలుండాయి” అన్నాడు హెన్రీ.

“దీని మీద ఏముందో చదివారా? పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని ఉంది. లోపల నిజంగా ఏముందో కూడా మనకు తెలియదు.”

హెన్రీ తన డ్యామ్ సంగతి చెప్పాడు. శిల్ప నవ్వలేదు. ఆమె నాన్నకూ చీనీ తోట ఉంది.

“పోలిక బాగానే ఉంది హెన్రీ గారూ. కానీ గేటు ఎత్తితే డ్యామ్‌లో ఉన్న నీళ్లే వస్తాయి, వాన కురవదు. మీ వయసుకు డ్యామ్‌లోకి వచ్చే వరదే తగ్గిపోతుంది. అసలు మందే అయితే మొదట నిద్ర, ఆకలి తెలుస్తాయి, తర్వాత ఒంట్లో నీరు చేరుతుంది. నెలలు వాడితే కండ కాస్త పెరిగి కొవ్వు కాస్త తగ్గవచ్చు. కండ పెరిగినంత మాత్రాన బలం పెరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. ఏళ్లు వాడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మీకైతే అప్పుడే షుగరు గీత దాటింది.”

“శుక్రవారానికి మోకాలు గట్టిపడదా డాక్టరమ్మా?”

“మోకాలిలో అరిగింది గుజ్జు. దానికి ఈ మందుతో సంబంధమే లేదు. ఈ రోజుతో ఆపేయండి. వాపు, తిమ్మిర్లు నిదానంగా తగ్గుతాయి. మళ్లీ వచ్చి షుగరు చూపించుకోండి.”

శీశాలు అక్కడే అప్పగించి వచ్చారు. తిరుగు బస్సులో హెన్రీ వేంపల్లె వచ్చేదాకా కిటికీ వైపే చూశాడు. దిగబోతుంటే కృపమణి మెత్తబడింది.

“పోనీలేప్పా. రాత్రికి సంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి చేస్తా. కడుపునిండా తిను.”

“తినను.”

“సూది లేదు గదా ఇంక.”

“సూది లేదు. ఉపవాసముండాది గదా.”

కృపమణి బస్టాండులోనే తల పట్టుకుంది. అలా అన్నాళ్లూ ఉత్తుత్తిగా సాగిన ఉపవాసం, మందు ఆగిన రోజు నుంచి నిజం ఉపవాసమైంది. పరదా వెనక ఉగ్గాని కూడా మానేశాడు. ఆమెకు ఏది ఎక్కువ కోపం తెప్పించిందో, దొంగదా నిజందా, ఆమెకే తెలియదు.

మట్టల ఆదివారం కమిటీ తేల్చక ముందే యేసుప్రసాద్ లేచి నిలబడ్డాడు. “మామే మోయాల. ఒక్కడే మోయాల. అంత నిష్ఠ చేసినాయన సిలువకు నేను చెయ్యి తగిలించను.” అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారు అదే ఖాయం చేశారు. హెన్రీ ఏడాదిగా కోరుకున్నది చేతికొచ్చింది, పట్టుకునే చేతులు మాత్రం ఇంకా తిమ్మిరిగా ఉన్నాయి.

“చెప్పెయ్, లేకుంటే నేనే చెప్తా” అంది కృపమణి బయట చెట్టు కింద.

“చెప్పు. మరి ఇన్నాళ్లూ ఏమే గమ్మునుంటివి అని గిడ్డమ్మ అడిగితే?”

ఆ ప్రశ్న ఆమె ఒళ్లు మండించింది. కొంగు విదిలించుకుని ముందుకు నడిచింది.

మంచి శుక్రవారం హెన్రీ సిలువ ఎత్తాడు. ఊరు దాటాడు, గుట్ట మొదలు దాటాడు. మలుపు దగ్గర ఆగాడు. కుడికాలు ముందుకు రాలేదు. వేళ్లు మానును పట్టుకున్నాయో జారుతున్నాయో అతనికి తెలియడం లేదని, వెనక నుంచి ఆ పిడికిళ్లు చూస్తున్న కృపమణికి తెలిసింది. యేసుప్రసాద్ ఇచ్చిన మాట కొద్దీ కదలకుండా నిలబడ్డాడు. పాట సన్నగిల్లింది.

రోజూ పిండి గిన్నెలూ నీళ్ల డ్రమ్ములూ ఎత్తే మనిషి ఆమె. కొంగు నడుముకు దోపి, నేలకు ఆనిన సిలువ కొనను లేపి తన భుజానికి వేసుకుంది.

“ఎవురది?” అన్నాడు హెన్రీ.

“నేనే. ఎనక్కి తిరగొద్దు. నడువు.”

“ఒక్కడే మోయాల మే.”

“ఒక్కడివే మోస్తాండావు. నేను నిన్ను తోస్తాండా.”

బరువు సగమైంది. కాలు కదిలింది. దావీదురాజు అయ్యగారు ఇబ్బందిగా పుస్తకం మూసి, “ఒక్క మనిషే గదా ఆచారం” అని గొణిగారు. గిడ్డమ్మ ఆయన వైపు తిరిగింది.

“పెండ్లిలో మీరే చెప్తిరి గదా అయ్యగారూ, మొగుడూ పెండ్లాం ఏకశరీరమని. ఇప్పుడు ఇద్దరెట్లయితారు?”

అయ్యగారు పుస్తకం మళ్లీ తెరిచి పాట ఎత్తుకున్నారు. గుట్ట మీద సిలువ నిలిచింది. ఆ ఏడు సిలువ ఒక్క మనిషే మోసినట్టు కమిటీ లెక్క.

ఇప్పటికీ కృపమణి అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఈ సంగతి కదిపితే, హెన్రీ టీ గ్లాసు దించి, మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్తాడు.

“అంతా కట్టుకథ. నేను సూది ముట్టలే. భూపేష్ అనేటోడు ఎవురో నాకు తెల్దు. కడపకు పోయింది చుట్టాలింటికి. ఉపవాసం మొదటి దినం నుంచే నిష్ఠగా చేసినా. సిలువ నేనొక్కడినే మోసినా. ఆమెకు గుట్ట ఎక్కను చేతగాక నా ఎనక ఆసరాకు పట్టుకోని వచ్చింది. అయినా ఆ గుట్టకు మలుపే లేదు.”