నూట డెబ్బై మూడో కాగితం

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే ద్రాక్షతోటలే కనిపించేవి. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపుకి లారీ ఒకటి పోతే, లేచిన దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టేది. నల్గొండ జిల్లాలో మా ఊరు విడిచి వచ్చి, ఆ రోడ్డు పక్కన రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న లారీ నడిపేవాడు. మా తాత ఒక కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టేవాడు.

పొట్లాలకని దుకాణానికి పాత కాగితాలు కట్టలుగా వచ్చేవి. వాటిలో పద్యమో పాటో అచ్చయిన ఒంటి కాగితం కనబడితే తాత దాన్ని పక్కకు తీసేవాడు. పెళ్లిళ్లలో పంచిన ఆశీర్వాద పద్యాలు, బదిలీ అయిన పంతులుగారికి పిల్లలు అచ్చు వేయించి ఇచ్చిన వీడ్కోలు పద్యాలు, జాతరలో అమ్మిన పాటలు. చుట్టూ లతలు, మూలల్లో నెమళ్లు. తాత చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు తనంతట తానే నేర్చుకున్నాడు. కాగితం మడతలు అరచేత్తో సాఫు చేసి, ఒక పెద్ద పుస్తకంలో నంబరు వేసి వివరాలన్నీ ఎక్కించేవాడు. మొదటి చరణం ఏమిటి, ఎవరి చేతి నుంచి వచ్చింది, ఏ బొమ్మ ఉంది, ఎక్కడ చిరిగింది. పుస్తకమైతే ఎవరో ఒకరు దాచుకుంటారు, ఇవి ఒక్కపూట చేతులు మారి మాయమైపోయేవి, వీటికి దిక్కెవరు అనేవాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి. పక్కింటి పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, పట్నంలో కాలేజీలో చదివేవాడు. మా గల్లీ పిల్లలందరికీ ఆయన అన్న. ఆయన రాసిన ఒక పాటను దోస్తులు కలిసి అచ్చు వేయించారు. భయపడకుండా ఒప్పుకున్న ప్రెస్సు ఒకటే దొరికిందట, వాళ్ల దగ్గరేమో పెళ్లి కార్డుల బొమ్మలే ఉన్నాయి. అందుకే ఆ ఉద్యమం పాట పైన, నడుమ, ముక్కున పువ్వు పట్టుకున్న చిలుక కూర్చుంది. జాగా చాలక చివరి రెండు పంక్తులు కాగితం వెనక్కి వెళ్లాయి.

“తాతా, నాది గూడ నీ బుక్కుల ఎక్కిస్తవా? చూసినోళ్లు లగ్గం పాట అనుకుంటరేమో,” అని అన్న నవ్వాడు. తాత నవ్వలేదు. కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని, ఆయన ముందే నూట డెబ్బై మూడు అని నంబరు వేశాడు.

నాకప్పుడు పదేళ్లు. ఆ చిలుక మీదనే నా మనసు. వారం తిరగకముందే, తాత దుకాణంలో ఉన్న సమయం చూసి ట్రంకు పెట్టె తెరిచాను. అమ్మ కత్తెరతో చిలుకను కత్తిరించి, అన్నం మెతుకులతో నా నోటుబుక్కులో అతికించుకున్నాను. కాగితం వెనక్కి తిప్పి చూడాలని కూడా నాకు తోచలేదు.

ఆ తర్వాత ఒక రోజు ఊరేగింపుకు పోయిన అన్న ఇంటికి రాలేదు. కాల్పులు జరిగాయన్నారు. దవాఖాన నుంచి ఆయన్ను తెచ్చిన మధ్యాహ్నం మా గల్లీలో ఎవరూ అన్నం తినలేదు. సోదాలకు వస్తారన్న భయంతో దోస్తులు తమ దగ్గరున్న పాట కాగితాలన్నీ కాల్చేశారట, మర్నాడే చుట్టాలు ఇంట్లో ఉన్న అన్న కాగితాలన్నీ నీళ్లపొయ్యిలో వేశారు. పెద్దమ్మ అడ్డం చెప్పలేదు. ఆమెకు చదువు రాదు, ఏది ఏ కాగితమో తెలియదు. కంటతడి కూడా లేకుండా మండుతున్న పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది.

కర్మలన్నీ అయిపోయాక, ఒక పొద్దున ఆమె మా ఇంటికొచ్చి గడప దగ్గరే కూలబడింది.

“మామా, మా పోరడు నీకొక కాయితం ఇచ్చిండంట గద. జర సదివి ఇనిపియ్యి.”

తాత పెట్టె తెరిచి కాగితం తీశాడు. పైన ఉన్న కంత చూశాడు. చూసి, చదవడం మొదలుపెట్టాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాట అంతా చదివి తాత కాగితం తిప్పాడు. ఆ కంతలోంచి ఆయన వేళ్లు నాకు కనబడుతున్నాయి.

పెద్దమ్మకు చదువు రాదు. అన్ని పాటలు చదివిన తాతకు రెండు పంక్తులు కల్పించడం ఎంతసేపు? కల్పించి చెప్పేస్తే బాగుండునని మనసులోనే దండాలు పెట్టుకున్నాను.

“ఇక్కడికెల్లి లేదు బిడ్డా,” అన్నాడు తాత. “ఆఖరి రెండు లైన్లు పోయినయి. మా ఇంట్లనే పోయినయి.”

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత నయంగా ఉండేది. నేనే వెళ్లి నా నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టాను. తాత నీళ్లు అద్ది చిలుకను మెల్లగా లేపబోయాడు. వెనకనున్న అక్షరాలు గుజ్జయి ఊడిపోయాయి. పెద్దమ్మ అది చూసి, లేచి వెళ్లిపోయింది.

తాత తన పుస్తకం తెరిచి, జరిగింది రాయమని కలం నా చేతికిచ్చాడు. ‘పై భాగం చిరిగింది’ అని రాశాను. తాత చదివాడు.

“చిరుగుడు వేరు, కత్తిరిచ్చుడు వేరు. ఎవరు కత్తిరిచ్చిన్రో గూడ రాయి,” అన్నాడు. గొంతు పెంచలేదు.

ఏడుస్తూనే, ‘బొమ్మ కోసం నేను కత్తిరించాను, వెనక రెండు పంక్తులు పోయాయి’ అని రాసి కింద నా పేరు పెట్టాను.

మూడు రోజుల తర్వాత పెద్దమ్మ మళ్లీ వచ్చింది. పాట రాసేటప్పుడు అన్న ఆమెకు వినిపించాడట. దాన్ని యాది చేసుకుంటూ వచ్చింది. తాత కలం తీస్తుంటే, “నీ మన్మరాలితోనే రాపియ్యి మామా,” అంది. అన్న తల్లిని అవ్వా అని పిలిచేవాడు, పాటలోనూ అలాగే పిలిచాడట. “తలుపు దగ్గరికెయ్యకు అవ్వా, ఎండతోటి నేనొస్త,” అని చెప్పింది. రాసుకున్నాను.

మర్నాడు ఆయాసపడుతూ వచ్చింది. “అట్ల కాదు బిడ్డా. తలుపు తీసే ఉంచు అవ్వా, ఎండకంటె ముందొస్త. గిట్ల అన్నడు.”

నేను మొదటిది కొట్టేయబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. రెండూ ఉండాలన్నాడు. ఏది బాగుందో ఏరడం మన పని కాదు, ఆమె ఏ రోజు ఏం చెప్పిందో ఆ రోజు కింద అదే ఉండాలన్నాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆమెకు ఏదీ రూఢిగా గుర్తురాలేదు. “ఎండ అన్నడు. ఎండ అని మాత్రం అన్నడు,” అంటూ నా తల మీద చెయ్యి వేసి, అప్పుడు బావురుమంది. అన్న పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం మేం చూసింది అదే మొదలు. తాత ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, ఆమె తేరుకునేదాకా ఆ గడప దగ్గరే కూర్చున్నాడు. ఆ రోజు కింద నేను, ‘సరిగా గుర్తులేదని చెప్పింది’ అని రాశాను.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానలో పనిచేశాను. పోయినవాళ్ల తల్లులు, భార్యలు నా చెయ్యి పట్టుకుని, “ఆఖరికి ఏమన్న అన్నడా సిస్టర్? నన్ను యాది జేసిండా?” అని అడిగేవాళ్లు. ఒక చల్లటి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చేది. చెబితే ఆ పూటకు వాళ్ల ప్రాణం కుదుటపడుతుందని నాకు తెలుసు. కానీ విన్నది ఉంటే విన్నంతే చెప్పాను. లేకపోతే, “నేను ఇనలేదమ్మా, ఆ టైముకు నేను పక్క వార్డుల ఉన్న,” అని చెప్పాను. ఆ మాట అనేసి లేచిపోవడం మాత్రం ఏనాడూ చేయలేదు. పక్కనే కూర్చుని, ఆయన ఎట్లాంటివాడో మీరే చెప్పండి అని అడిగేదాన్ని. వాళ్లు చెప్పేవాళ్లు. చెప్పింది మార్చి, మళ్లీ ఇంకోలా చెప్పేవాళ్లు. నేను ఒక్క మాటా సరిదిద్దకుండా, అన్నీ వినేదాన్ని.