వినబడలే, మళ్ల ఎక్కు

మార్కండేయ మామ ముందుగా ఉత్తుత్తి నకలు తీయనిదే ఏ పనీ చేయడు.

ఆయన ఉద్యోగమే అలాంటిది. బ్యాటరీల్లో వాడే పదార్థాల మీదికి న్యూట్రాన్లను విసురుతారు. అవి చెదిరిన తీరును బట్టి లోపల పరమాణువులెలా కూర్చున్నాయో కనిపెట్టాలి. మామ కంప్యూటర్‌కు నేర్పించి, వేలకొద్దీ ఉత్తుత్తి పదార్థాల మీదికి ఉత్తుత్తి న్యూట్రాన్లు విసిరిస్తాడు. ఏ నకలు అసలుతో సరిపోతే లోపలి గుట్టు అదే. కామారెడ్డి ఇంట్లో కూర్చునే ఇదంతా చేస్తాడు.

"నా కొడుకు నకల్ కొట్టి జీతం తెస్తుండు" అని తల్లి రాజమణి వాడంతా చెప్పి మురిసింది. పరీక్షల్లో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లల తల్లులు ఆ కంపెనీ పేరు అడిగారు.

ఆయన అక్క కూతురు సాయిశ్రీ తెలుగు ఎమ్మే చేసి, ఆ ఇంట్లోనే ఉంటోంది. నలుగురిని చూస్తే గొంతు పెగలదు. మొన్నొక కాలేజీలో డెమో క్లాసంతా బోర్డుకే చెప్పి, రావాల్సిన ఉద్యోగం పోగొట్టుకుంది. ఇప్పుడు ఎల్లారెడ్డి కాలేజీ డెమోకు పిలిచింది.

"నకలు తీద్దాం" అన్నాడు మామ. హాల్లో కుర్చీలు వరసగా వేస్తే ఎల్లారెడ్డి బస్సయింది. ఆయనే కండక్టరు.

"ఎక్కడికి?"

"ఎల్లారెడ్డి."

"వినబడలే. దిగి మళ్ల ఎక్కు."

"మామా, నేను పోయేది పాఠం చెప్పుడానికి. బస్సెక్కుడు నాకొస్తది."

"మళ్ల ఎక్కు."

"అరేయ్, నాకు కడుపుల తిప్పుతుంది. కిటికీ తెరువుర" అంది ముందు కుర్చీలోంచి రాజమణి.

తెల్లారి అసలు బస్సులో సాయిశ్రీ "ఎల్లారెడ్డి" అన్న తీరుకు డ్రైవరు వెనక్కి తిరిగాడు. కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చి ఒక అడుగు వెనక్కి వేశాడు.

క్లాసులో మళ్లీ గొంతు జారింది. వెనక బెంచీ నుంచి ఎవరో "వినబడ్తలేదు మేడమ్" అన్నారు. అలవాటు కొద్దీ ఆమె బయటికి నడిచి, గుమ్మంలోంచి మళ్లీ ఎక్కింది. క్లాసు గొల్లుమంది. ప్రిన్సిపాల్ కూడా. ఆమె కూడా. ఆ నవ్వుకు భయం ఎటెటో చెదిరిపోయింది. పాఠం పక్క గదికీ వినబడింది.

ఉద్యోగం వచ్చింది. తిరుగు బస్సులో ఆమెకు ఒకటి తట్టింది. ఇన్నాళ్లూ ఇంట్లో మామ తీయించిన టమాటాల బేరం నకలైనా, గ్యాసు సిలిండర్ నకలైనా గట్టిగా మాట్లాడే వేషం ఎప్పుడూ తనకే ఎందుకొచ్చినట్టు?

ఇంటికొచ్చేసరికి రాజమణి నీరసంగా కూర్చుని ఉంది.

"పొద్దటి సంది వీడు నన్ను సతాయిస్తుండు బిడ్డా. నువ్వు ఏడ్చుకుంట వస్తే ఏం మాట్లాడాల్నో నకలు తీయిస్తుండు."

"నవ్వుకుంట వస్తేనో?"

"దానికి నకలు అక్కర్లేదన్నడు."

మామ తలెత్తకుండా కంప్యూటర్ చూస్తూ అన్నాడు: "ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది మామా."

"వినబడలే."