జింకులో కలిపిన సున్నం

మా ఊళ్లో జింకు అంటే వరికి వేసేది. నాటు పెట్టిన కొన్నాళ్లకు ఆకుల మీద తుప్పు మచ్చలు కనబడితే, తెలకపల్లి పోయి సంచి తెచ్చి మడిలో చల్లుతారు. మచ్చ ముదిరితే నీళ్లలో కలిపి ఆకు మీద కొడతారు. ఉట్టి జింకు నీళ్లు ఘాటుకు ఆకును మాడుస్తాయని, అందులో సున్నపు తేట కలుపుతారు. ఈ పని మా నాయనకు నలభై ఏళ్లుగా చేతిలో ఉంది. నాకు మాత్రం చదువుకునేదాకా జింకు మనుషులకు కూడా పనికొస్తుందని తెలియదు.

తర్వాత అదే నా ఉద్యోగమైంది. వనపర్తిలో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబులో, మొటిమలకు జింకుతో పూత మందు తయారుచేసే పనిలో చేరాను. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, తెల్ల కోటు వేసుకుని పొద్దంతా పిండి, నూనె, నీళ్లు కలపడమే. మేం వాడేది పొలం జింకు కాదు, సుద్దపొడిలా మెత్తగా ఉండే వేరే రకం. నీళ్లలో కరగదు, చర్మాన్ని కొరకదు. జిడ్డు పీల్చి, ఎర్రబడిన మొటిమను అణుస్తుంది. కానీ మహా మొండిది. ఓసారి ఉండలు కట్టేది. ఓసారి బాగా కలిసిందని మురిసిపోతే, వారం తిరిగేసరికి నూనె పైకి తేలేది. ఎండాకాలం వస్తే డబ్బాలోనే విరిగిపోయేది.

మా చెల్లి నాకన్నా ఆరేళ్లు చిన్నది. అప్పుడు నాగర్‌కర్నూల్‌లో బీఈడీ చదువుతోంది. దాని ముఖం నిండా మొటిమలు, చీము పట్టి, ముట్టుకుంటే నొప్పి. ఎవరో చెప్పారని తెల్లబడే క్రీము కొని ఏడాదిపాటు రాసుకుంది. రాసినన్నాళ్లు తగ్గినట్టుండి, మానగానే రెండింతలు లేచాయి. నేను ఇంటికి వెళ్లి ఆ ట్యూబు మీద స్టెరాయిడ్ పేరు చూసి మండిపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ట్యూబు తీసుకుపోయి పెంటకుప్పలో పారేశాను.

"ఇగ నేనేం రాసుకోవాలె మరి?" అంది చెల్లి. "నాలుగు నెలలైతే బడికి పోయి పాఠాలు చెప్పాలె. చెప్పకుంటే పాస్ చెయ్యరు. పిల్లలు పుస్తకం చూస్తరా అక్కా? నా మొఖమే చూస్తరు."

టీచరు కావాలని చిన్నప్పటి నుంచీ దాని కోరిక. ఆ నెల రోజుల పాఠాలు గట్టెక్కితే చాలు. కానీ ముఖానికి చున్నీ కట్టుకోకుండా వాకిలి దాటడమే మానేసింది.

"దీనికి జింకే మందు. నేనే చేసి తెస్త. అప్పటిదాక ఏం రాయకు," అన్నాను. నాయన పక్కనే కూర్చుని వేరుశెనగ కాయలు వొలుస్తున్నాడు. ఆయనా విన్నాడు.

రెండు నెలలకే మందు కుదిరింది. విరగడం లేదు, మంట లేదు. ఒక్కటే లోపం, రాసుకుంటే పిండి పూసినట్టు తెల్లగా కనబడేది. మా చామనఛాయ ముఖాల మీద మరీ కొట్టొచ్చినట్టుండేది. ల్యాబులో నాకు పై అధికారి అయిన మేడం, "పనిచేస్తుంది కదమ్మా. ఇంట్లో ఉన్నప్పుడు రాసుకుని, బయటికి పోయేటప్పుడు కడుక్కుంటుంది. తీసుకపోయి ఇవ్వు," అంది. నేను వినలేదు. నా చెల్లిని చూసి ఒక్కరు కూడా నవ్వకూడదు, ఇస్తే అట్లాంటిదే ఇస్తాను అని పట్టుబట్టాను. అది ప్రేమే అనుకున్నాను. నా పనితనం మీద నాకున్న మురిపెం కూడా అందులో సగం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. చెల్లి ఫోన్ చేసినప్పుడల్లా ఇంకో పది రోజులనేదాన్ని. అట్లా పది రోజులు చాలానే గడిచాయి.

ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసి, "జల్ది రా బిడ్డా. చెల్లె మొఖం చూడవశమైత లేదు," అంది.

నేను వెళ్లేసరికి దాని రెండు చెంపల మీదా తోలు లేచిపోయి పచ్చిగా ఉంది. నాయన చేసిన పని అది. వరికి తెచ్చిన జింకు సంచిలో మిగిలింది తీసి, రోట్లో మెత్తగా నూరి, పాత ధోతి గుడ్డలో జల్లించి, నీళ్లు పోసి ముద్ద చేశాడు. ఆకుకే సున్నం కలుపుతాం, ఇది ఆడపిల్ల ముఖం, ఆకుకన్నా సుతారం అని, మాడకుండా ఉండాలని సున్నం రెండింతలు వేశాడు. ఆకుకు తేట వేస్తారు. దీనికి గట్టి సున్నమే వేశాడు. పగిలిన మొటిమల మీద ఆ ముద్ద పట్టించి, ఎండేదాకా కడగొద్దన్నాడు. మందన్నాక జర మండుతది, ఓర్చుకో అన్నాడు. జింకే మందని అక్క చెప్పింది కదా అని, అది ఓర్చుకుంది.

పాలమూరు దవాఖానకు తీసుకుపోయాం. పుండ్లు మానుతాయి, మచ్చలు మాత్రం ఉంటాయని డాక్టరు చెప్పాడు. ఇంటికి తిరిగొచ్చాక నాయన మీద విరుచుకుపడ్డాను.

"నీకేం తెల్సని చేసినవ్? అది బిడ్డ మొఖమనుకున్నవా, వరిమడి అనుకున్నవా?"

నేనన్నవాటిలో కాస్త నయమైన మాట అదే. మిగతావి రాయడానికి నాకు చెయ్యి రాదు. నాయన తువ్వాల ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని విన్నాడు. ఒక్క మాట తిరిగి అనలేదు.

పాఠాలు చెప్పాల్సిన నెల వచ్చింది, పోయింది. చెల్లి బడికి పోలేదు. మరుసటి ఏడు మళ్లీ ఫీజు కట్టమని బతిమాలాను. చూద్దాంలే అంటూనే దాటేసింది. ఇప్పుడు ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. కొలతలు తీసుకునేటప్పుడు కూడా చున్నీ విప్పదు.

రెండేళ్లు నేను నాయనతో సరిగా మాట్లాడలేదు. ఇంటికి వెళ్తే అమ్మతో, చెల్లితో మాట్లాడి వచ్చేసేదాన్ని. తిన్నవా బిడ్డా అని ఆయన అడిగితే, ఊ అనేదాన్ని.

మొన్న ఎండాకాలంలో మందు నేను కోరుకున్నట్టు వచ్చింది. చివరికి చేసిందల్లా అందులో చిటికెడు ఇటుక రంగు పొడి కలపడమే. తెలుపు మాయమై, మా చర్మంలో కలిసిపోయింది. ఇంతోటి దానికి అన్నాళ్లు పట్టింది నాకు. ఒక ట్యూబు సంచిలో వేసుకుని ఊరికి బస్సెక్కాను.

చెల్లి మిషను ఆపి ట్యూబు తీసుకుంది. మణికట్టు మీద కొంచెం రాసుకుని వెలుతురులో చూసుకుంది. "మంచిగుందక్కా. అసలు కనవడ్తనే లేదు," అంది. తర్వాత మెల్లగా, "కానీ నాకిప్పుడు మొటిమలు వస్తలేవు కద," అంది. నిజమే, ఆ వయసు దాటిపోయింది. ఉన్నవి మచ్చలు. వాటిని జింకు తీయలేదని నాకన్నా బాగా తెలిసినవాళ్లెవరు?

ట్యూబు పట్టుకుని బయటికి వస్తే నాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. ఇచ్చాను. చదువు రాదు కాబట్టి అటూ ఇటూ తిప్పి చూసి, మూత తీసి వాసన చూశాడు.

"గిండ్ల జింకు ఎంతేసినవ్?"

"నూటికి పది పాళ్లు."

"సున్నమో?"

"సున్నం వెయ్యం నాయనా."

"ఆనాడు గదే అడుగుదామని నీకు ఫోన్ చేసిన," అన్నాడు. "పనిల ఉన్న, మల్ల చేస్త అంటివి. పొద్దుగూకేదాక ఫోన్ జేబుల పెట్టుకొని చూసిన. లోపల పిల్ల ఒక్కతీరుగ ఏడుస్తుండె. ఇగ నాకు తోచినట్టు కలిపిన."

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు నేను తెలుపు పోగొట్టే పనిలోనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్లీ చేయాలనే ధ్యాసే లేదు.

"ఆనాడు నన్నెందుకు తిట్టనిచ్చినవ్ నాయనా? రెండేండ్లు ఒక్కమాట అనకపోతివి?"

"అంటే నీ చెల్లె వింటది. దానికి నీ మీద మనసు విరిగిపోతది. మీరిద్దరే కద ఒకరికొకరు," అని ట్యూబు మూత పెట్టి నా చేతికిచ్చాడు.

నేను లోపలికి వెళ్లి చెల్లికి చెప్పాను. దాచుకుని ఉండలేకపోయాను. అది కత్తిరిస్తున్న గుడ్డ మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకు తెల్సక్కా. ఆనాడు నాయన నీతోని ఫోన్ల మాట్లాడేటప్పుడు నేను తలుపెనకనే ఉంటి. నీకు తెలిస్తే బాధపడ్తవని అనలే," అంది.

ఆ తర్వాత జాకెట్టు చేతులు కత్తిరించడంలో పడిపోయింది. తిట్టినా బాగుండేది.