సుబ్బరత్నం మేడం ఏడుపు

మా మైక్రోబయాలజీ హెడ్డు సుబ్బరత్నం మేడంకు ఒక్కటే జబ్బు, ఓర్వలేనితనం. ఓర్వలేనివాళ్ళకు మా కాలేజీలో కొదవలేదు, నేనూ ఉన్నాను. కాకపోతే మేమంతా దాన్ని లోపల దాచుకుని పైకి నవ్వుతాం. ఆవిడ దాన్ని చేతిసంచిలా పట్టుకుని తిరిగేది.

పరిశోధనకు నిధులడుగుతూ ఎవరైనా ప్రాజెక్టు రాశారని తెలిస్తే చాలు, నేరుగా వాళ్ళ గదికి వచ్చేసేది. "మంచిది. నాకు ఏడుపొస్తోంది. ఫైలు ఇలా ఇవ్వు" అనేది. పిల్లల డాక్టరు మెదడువాపు మీద రాసినా అదే మాట, ఛాతీ డాక్టరు క్షయ మీద రాసినా అదే మాట. ప్రిన్సిపాల్ గారి భార్యకు ఆవకాయ పోటీలో బహుమతి వచ్చినప్పుడు అలవాటు కొద్దీ ఆవిడను కూడా ఫైలు అడిగిందంటారు. నేను చూడలేదు గానీ, నమ్ముతాను.

ఇచ్చిన ఫైలు మూడు రోజులకు తిరిగొచ్చేది, కోడిని కోసిన పీటలా ఎర్రగా. ఆ ఎర్ర సిరా చూసి ఇద్దరు ప్రొఫెసర్లు మంచం పట్టారు.

అందుకని మా అటెండర్ బొజ్జయ్య, మేడం కళ్ళు పడిన ప్రతి ఫైలుకూ దిష్టి తీసేవాడు. ఐదు ఎండు మిరపకాయలు, గుప్పెడు ఉప్పు ఫైలు చుట్టూ మూడుసార్లు తిప్పి, సైకిల్ స్టాండు వెనక కుంపట్లో వేసేవాడు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, దగ్గొస్తే తగలనట్టు. సూక్ష్మజీవిని తప్ప దేన్నీ నమ్మని డాక్టర్లం, ఆ కుంపటి చుట్టూ నిలబడి ముక్కులు ఎగబీల్చేవాళ్ళం. ప్రతిసారీ అందరికీ దగ్గొచ్చేది. మేడం కళ్ళ మీద మాకున్న నమ్మకం మాత్రం చెదరలేదు. ఖమ్మం మార్కెట్ యార్డులో కొన్న తేజ మిర్చి కదా, అది దిష్టికి కూడా లొంగదని సర్దిచెప్పుకునేవాళ్ళం.

నిరుడు నా వంతు వచ్చింది. ఒక పెద్ద సంస్థ మలేరియా పరిశోధనకు నిధులిస్తానంది, కాలేజీకి ఒక్క దరఖాస్తే అన్న షరతుతో. జ్వరం లేకుండానే ఒంట్లో మలేరియా మోస్తున్నవాళ్ళను భద్రాచలం అవతలి గూడేల్లో వెతకాలని నేను రాశాను. మేడం దగ్గరా అదే జబ్బు మీద ఆరేళ్ళ నోటుబుక్కులున్నాయి. డిపార్టుమెంటులో ప్రాజెక్టు మొహం చూడనిదాన్ని నేనొక్కదాన్నే. ఇదీ పోతే స్లైడ్లు కడుక్కుంటూ రిటైరవ్వాల్సిందే.

నిజం చెప్పొద్దూ, ఆవిడ కంటే నా ఏడుపే పెద్దది. గూడేనికి నేను సూది పట్టుకుని వెళ్తే "రత్నమ్మ డాక్టరు రాలేదా?" అని నా వెనక జీపులో వెతికేవాళ్ళు. ఆవిడ వెళ్తే వాళ్ళే వేలు చాపేవాళ్ళు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అనుకున్నట్టే మేడం వచ్చింది. "మంచిది దీపికా. నాకు ఏడుపొస్తోంది. ఫైలు ఇలా ఇవ్వు" అంది. పోటీలో ఉన్న మనిషికి నా ఫైలు చేతులారా ఇచ్చి, ఆ మూడు రోజులూ అన్నం సయించక తిరిగాను.

తిరిగొచ్చింది. వానాకాలంలో పొద్దున పదింటికి ఇంటింటికీ వెళ్ళి, దోమతెరలు లెక్కపెట్టి, రక్తం తీస్తామని రాశాను. దాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన రాసింది: "పదింటికి నీకోసం ఇంట్లో ఎవడు కూర్చుంటాడు? తెర ఇంట్లో, మనిషి మంచె మీద. భద్రయ్యను అడుగు."

ఆవిడది తప్పని రుజువు చేయడానికే దుమ్ముగూడెం దాటి వెళ్ళాను. ఆ గూడెం రైతు భద్రయ్య చేలో మంచె కట్టుకుంటున్నాడు. తెర ఏదని అడిగితే ఇంటికి తీసుకెళ్ళి, పెట్టెలోంచి మడత నలగని దోమతెర తీసి చూపించాడు.

"పంట చేతికొచ్చేదాక రాత్రిళ్ళు మంచె మీదనే పండుకుంట డాక్టరమ్మా. లేకుంటె పందులు తినిపోతయ్" అన్నాడు.

"మరి తెర అక్కడికి తీసుకెళ్ళవా?"

"ఖరాబైతది గద. సర్కారోళ్ళు లెక్కకొస్తె ఏం చూపియ్యాలె?"

నేను లెక్కపెట్టబోయింది పెట్టెల్లో పడుకున్న తెరల్ని. తిరిగొచ్చి మొత్తం మార్చి రాశాను. ఇళ్ళు కాదు, మంచెలు. పొద్దున కాదు, అందరూ ఒకచోటికి వచ్చే సంత రోజు. బొజ్జయ్య దిష్టి తీశాడు, సైకిళ్ళు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా దగ్గారు.

తీరా ఇవ్వబోతే ప్రిన్సిపాల్ బల్ల మీద ఇంకో ఫైలు లేదు. మేడం గదికి పరిగెత్తాను. మంచె సంగతి మీ నోటుబుక్కులోది కదా, మీరెందుకు వెయ్యలేదని అడిగాను.

"ప్రాజెక్టు మూడేళ్ళు. నాకు మిగిలిన సర్వీసు తొమ్మిది నెలలు. ఆ మాత్రం లెక్క రాదా నీకు?" అంది. "నాకిక రాదని తెలిశాక ఇంకా ఏడుపొచ్చింది. ఊరికే ఏడిస్తే ఏమొస్తుంది పిల్లా? కూర్చుని నీది దిద్దాను."

బయట బొజ్జయ్య నిదానంగా చెప్పాడు. "మేడం దిద్దిన పదకొండుట్ల తొమ్మిదిటికి పైసలొచ్చినయ్. రాని రెండు, దిద్దింది చదవకుండ మంచం పట్టినోళ్ళయి."

నాది పదోది అయింది. మేడం రిటైరై సత్తుపల్లి వెళ్ళిపోయింది.

మొన్న పక్కగది నాగచైతన్య డెంగీ మీద ప్రాజెక్టు రాశాడు. బాగా రాశాడు, అదే నా బాధ. ఫైలు రెండు నిమిషాలు తిరగేసి, చక్కగా నవ్వి, ఆల్ ది బెస్ట్ చెప్పి ఇచ్చేశాను. మూడో పేజీలో ఒక తప్పు కనిపించింది గానీ, నాకెందుకులే అనుకున్నాను.

సాయంత్రం బొజ్జయ్య అలవాటుగా దిష్టి తీశాడు. మిరపకాయలు నల్లగా మాడిపోయాయి. ఒక్కరూ దగ్గలేదు. బొజ్జయ్య కుంపట్లోకి చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"మిర్చి మారలే మేడం. గదే తేజ" అన్నాడు.

నేను గదిలోకి వెళ్ళి ఎర్ర పెన్ను వెతుక్కుని, నాగచైతన్య తలుపు కొట్టాను.

"మంచిది చైతన్యా. నాకు ఏడుపొస్తోంది. ఫైలు ఇలా ఇవ్వు."