ఎడమకు తిప్పిన ఫిల్టర్

మూఢనమ్మకాల మీద నేను చాలా యుద్ధాలే చేశాను. వాటిల్లో పరమ ఘోరంగా ఓడిపోయింది ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కన, ఒక డీజిల్ ఫిల్టర్ చేతిలో. అవతల బాబాలు లేరు, జ్యోతిష్కులు లేరు. ఉన్న ఒక్క మూఢుడూ నేనే.

అప్పటికి గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని, "ప్రశ్నించండి!" అని ఊరూరా ఉపన్యాసాలిస్తూ, తీరా ఎవరైనా ప్రశ్నిస్తే ఒంటికాలి మీద లేచే వయసు నాది. మా అక్క ఆ ఏడాది పండిన మిరపకాయనంతా టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కించి గుంటూరు మిర్చి యార్డుకు బయల్దేరింది. బండి నా చిన్ననాటి స్నేహితుడు మస్తాన్‌ది. ముసలి పికప్పు. ముందు సీట్లో వాళ్ళిద్దరికీ, మచ్చు కాయల సంచికీ మాత్రమే చోటు. వెనక టిక్కీల మీద, ఊరొచ్చి తిరిగెళ్తున్న నేను, అంబారీ ఎక్కినట్టు.

దక్షిణాన మబ్బు పట్టింది. కప్పిన పట్టా చిల్లుల పుట్ట. కాయ తడిస్తే బూజే, అక్క ఏడాది కష్టం గంగపాలే. సరిగ్గా అప్పుడే బండి దగ్గింది, వగర్చింది, ఆగిపోయింది.

"పొద్దున నిమ్మకాయ తొక్కిద్దామంటే పడనిచ్చావా? దిష్టిరా ఇది!" అన్నాడు మస్తాన్.

"దిష్టి కాదు, ఫిల్టర్! డీజిల్ అందట్లేదు. ఎప్పుడు మార్చావు?"

"కొత్తది కొన్నా. పాతది ఊడి చావలా. సీటు కింద పెట్టా."

చూశారా, పాఠకులారా! రోగం సరిగ్గానే పట్టాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"మెకానిక్‌కి ఫోన్ చేద్దాంరా," అన్నాడు మస్తాన్.

"దేనికి? బుద్ధి లేదా మనకి?" అంటూ బానెట్ ఎత్తాను. పైన మూతకు బిగించిన డబ్బాలా కిందికి వేలాడుతోంది ఫిల్టర్. పైనుంచి వంగి, రెండు చేతులా పట్టుకుని ఎడమకు తిప్పాను. కదల్లేదు. తువ్వాలు చుట్టి తిప్పాను. మస్తాన్ బెల్టు బిగించి తిప్పాను. దేవుడు లేడని మా ఊరి పూజారిని ఒప్పించడం ఇంతకంటే తేలిక.

"ఇంకా బిగిసినట్టుంది. ఇటు తిప్పి చూడరా," అన్నాడు మస్తాన్.

"ఏ మరైనా ఎడమకి తిప్పితేనే ఊడుద్ది. అది సైన్సు!"

"ఎవరు చెప్పార్రా?"

"ఎవరో చెప్పేదేంటి? అందరికీ తెలిసిందేగా!"

ఈ ఒక్క ముక్క అన్నందుకు ఎంతమందిని వేదికల మీద చీల్చి చెండాడానో! ఆ పూట మాత్రం నా నోట వేదవాక్కులా వచ్చింది.

చినుకు పడింది. అక్క బండి దిగి, "ఒరేయ్, నా కాయ!" అని కేకేసింది. ఆ కేకకు నాలో మిగిలిన కాస్త బుద్ధీ పారిపోయింది. స్క్రూడ్రైవర్ తీసి ఫిల్టర్ పొట్టలో పొడిచాను, ఆ పిడి పట్టుకుని తిప్పుదామని. చివ్వున డీజిల్ చిమ్మి మొహం, చొక్కా, పంట్లాం తడిపేసింది. బానెట్‌లో తల పెట్టాక డీజిల్‌కు వెరవనేల? మళ్ళీ ఎడమకే లాగాను. రేకు పర్రున చిరిగింది.

"ఆగరా!" అంది అక్క. నీళ్ళ సీసాను నా మొహం ముందు తలకిందులుగా పట్టుకుంది. "ఇట్టా పట్టుకుంటే మూత నీకు అవతల ఉంటది. పైనుంచి చూస్తా మూతని ఎటు తిప్పితే వస్తది?"

తిప్పి చూశాను. కుడికి. బుడుంగున నీళ్ళు నా చెప్పుల మీద పడ్డాయి.

"ఆ పొడిచిందాంతోనే ఇటు తిప్పు."

తిప్పాను. వెన్నలోంచి వెంట్రుకలా వచ్చింది. అంతసేపూ నేను చేసింది బిగించడమే. కొత్తది వేసి, ఇంజన్‌లోకి డీజిల్ ఎక్కేలా మస్తాన్ చేతిపంపు కొట్టి తాళం తిప్పాడు. బండి బ్రహ్మాండంగా స్టార్టయింది. జయం నాదే అనుకుంటూ టిక్కీల మీదికి కాలెత్తాను.

"దిగు!" అంది అక్క.

"ఏంటక్కా?"

"కంపు కొడతన్నావ్. యార్డులో కొనేవాడు కాయ చేతిలోకి తీసుకుని ముందు వాసనే చూస్తాడు. నువ్వు కూర్చున్న టిక్కీ డీజిల్ కంపు కొడితే ఎవడు కొంటాడు?"

"మరి నేనెట్టా రాను?"

"నడువు. వానకి నీ కంపన్నా వదులుద్ది. పోనీ మస్తానూ, మబ్బు మీదకొస్తాంది!"

నేను బాగుచేసిన బండి నన్ను వదిలేసి దుమ్ము రేపుకుంటూ పోయింది. వెనకొచ్చిన ఆటో ఆగింది గానీ, డ్రైవరు ముక్కు మూసుకుని, "లోపల చుట్ట కాల్చే పెద్దాయనున్నాడండీ, వద్దులెండి," అని సాగిపోయాడు. వాన నన్ను పట్టుకుంది గానీ బండిని అందుకోలేకపోయింది. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒక్క కాయ తడవలేదురా. నువ్వెక్కడిదాకా వచ్చావు?" గొంతులో నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ ఏ బండి బానెట్టూ ఎత్తను. మరో జన్మ మీద నాకు నమ్మకం లేదు గనక, దీన్ని వాయిదా వేసే వీలు కూడా లేదు.