మనోళ్ళు, వాళ్ళు అనకుండా

నా చిన్నప్పుడు మా నాయన చేతిలో ఒక మనిషి కన్ను పోయింది. ఆ మనిషి మాకు పగవాడు కాదు. మాతో పాటు ఒకే ఇంట్లో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకున్న అన్నం తిన్నవాడు. ఆ దెబ్బ పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాకు పదేళ్ళు.

అప్పుడు మేము కువైట్‌లో, ఫర్వానియాలోని ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మేము ముగ్గురం, రెండో గదిలో నేను మామ, అత్త అని పిలిచే ఇద్దరు. చుట్టరికం ఏమీ లేదు. రాయచోటి దగ్గర పక్కపక్క ఊర్లవాళ్ళం, అంతే. నాయన అల్ రాయ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్. మామ అదే వరుసలో, పక్క షెడ్డులో కార్లకు రంగు వేసేవాడు. గీత పడిన కారును ఎండలో నిలబెట్టి ఒక్క చూపు చూసి, డబ్బాల్లోంచి చుక్క చుక్క కలిపి అదే రంగు తెచ్చేవాడు. అమ్మ సబా అల్ సలేంలో ఒక ఇంట్లో, అత్త రుమైథియాలో ఇంకో ఇంట్లో పని చేసేవాళ్ళు. అత్తకు పిల్లల్లేరు. బడికి పోయే ముందు నాకు రెండు జడలు వేసేది ఆమే.

హాలు, వంటిల్లు, టీవీ అందరివీ. పేచీ వచ్చింది ఆ టీవీ దగ్గరే. నాయనది ఒక పార్టీ, మామది ఇంకో పార్టీ. మా వైపు ఏ పార్టీకి ఆ పార్టీ చానెల్ ఉండేది. ఒక చానెల్లో మా ఊరి చెరువుకు నీళ్ళొచ్చేవి, ఇంకో చానెల్లో అదే చెరువు నెర్రెలిచ్చి ఉండేది. మొదట్లో ఇద్దరూ రిమోట్ కోసం పెనుగులాడి నవ్వుకునేవాళ్ళు. ఊర్లో ఎన్నికలు దగ్గరపడిన ఏడాది ఆ నవ్వు తగ్గిపోయింది. టీవీలో కోట్లు వేసుకున్నవాళ్ళు బల్లలు గుద్ది అరిచేవాళ్ళు. మరునాడు పొద్దున నాయన నోట్లో అవే మాటలు, అదే గొంతుతో వినిపించేవి. మామ నోట్లో రెండో చానెల్ మాటలు. ఫోన్లలో గ్రూపులు సరేసరి. అత్త వండిన చియ్యల కూర మధ్యలో పెట్టుకుని కూడా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు.

ఫలితాల్లో నాయన పార్టీ గెలిచింది. శుక్రవారం సెలవు కాబట్టి, మధ్యాహ్నం పూట గ్యారేజీ ముందర కేకు కోస్తామన్నారు. నాయన నన్ను కూడా తీసుకుపోయాడు. ముప్పై మంది దాకా ఉంటారు. గోడకు నాయకుడి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టారు. ఎవరో మెరుపు కాగితాలు ఎగజిమ్మే గొట్టాలు తెచ్చారు. వాటిని తిప్పితే టప్పుమని పేలి, ఎర్రవి పచ్చవి ముక్కలు గాల్లోకి లేచేవి. ఆ రోజు గాలి గట్టిగా వీస్తోంది. ముక్కలన్నీ పక్క షెడ్డులోకి కొట్టుకుపోయాయి.

అక్కడ మామ ఒక తెల్ల కారుకు అప్పుడే రంగు కొట్టి ఉన్నాడు. అర్జెంటని కఫీల్, వీసా ఇచ్చిన షెడ్డు యజమాని, చెబితే సెలవు రోజు కూడా పనిలోకి వచ్చాడట. తడి రంగు మీద కాగితం ముక్కలు అంటుకున్నాయి. మూతికి కట్టుకున్న గుడ్డ మెడ మీదికి లాక్కుని, రంగు కొట్టే గన్ను చేతిలోనే పట్టుకుని, మామ ఒక్కడే బయటికి వచ్చాడు.

"ఆపండి సామీ, రంగు ఇంకా ఆరలేదు" అన్నాడు.

గొంతులో కోపం ఉంది, కానీ తిట్టలేదు. నేను విన్నాను. గుంపులో ఎవరో, ఓడిపోయినోళ్ళకు మంట ఉంటాదిలే అన్నారు. ఇంకెవరో తోశారు. మామ వెనక్కి తూలి ఫ్లెక్సీ మీద పడ్డాడు. అది నాయకుడి ముఖం మధ్యలో చిరిగింది. ఆ చిరిగిన చప్పుడుకు అందరూ ఒక్కసారి అరిచారు. ఫ్లెక్సీ కింది అంచు గాలికి లేవకుండా బరువుగా పెట్టిన ఇనుప పానా, కార్ల చక్రాలు విప్పేది, నాయన కాళ్ళ దగ్గర ఉంది. నాయన వంగడం చూశాను. లేవడం చూశాను. చెయ్యి గిర్రున తిరగడం చూశాను.

ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పను. మామ ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తురు బుడగలు వచ్చాయి. ఆయన అరవలేదు. చేతిలో ఉన్న గన్ను గుడ్డిగా విసిరాడు. అది నాయన స్నేహితుడు ఒకాయన చెంపకు తగిలి పళ్ళు కనపడేట్టు చీల్చింది. ఆ తర్వాత పది మంది మామ మీద పడ్డారు. కాళ్ళతో తొక్కారు. కేకు బల్ల ఒరిగిపోయింది. నా తెల్ల గౌను మీద కేకు క్రీము, దాని మీద నెత్తురు. యల్లా యల్లా, పోలీసులొస్తే ఇఖామాలు పోయి ఊరికి పంపేస్తారని ఎవరో అరిచాక క్షణంలో అందరూ మాయమయ్యారు. నాయన నన్ను చంకనెత్తుకుని పరిగెత్తాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మామ నేల మీద తడుముకుంటున్నాడు.

పోలీసు కేసు కాలేదు. మామ కఫీల్‌కు గొడవ అక్కర్లేదు. పని చేస్తుంటే రాడ్డు జారి తగిలిందని ఆసుపత్రిలో చెప్పి, ఖలాస్ అన్నాడట. కన్ను మాత్రం తీసేశారు.

కానీ ఒకరి ఫోన్లో వీడియో ఉంది. అది సరిగ్గా మామ గన్ను విసిరే దగ్గర మొదలవుతుంది. ముఖమంతా నెత్తురుతో ఒక మనిషి దాడి చేస్తున్నట్టు కనిపిస్తుంది. సాయంత్రానికి అది నాయన చానెల్లో వచ్చింది. కువైట్‌లో మన కార్యకర్తల మీద రాడ్లతో దాడి, నాయకుడి చిత్రపటం చించివేత అని కింద ఎర్ర అక్షరాలు పరిగెత్తాయి. ఇంకో చానెల్లో కట్టు కట్టిన మామ ముఖం చూపించి, యాభై మంది కత్తులతో వెంటబడి నరికారని చెప్పారు. అక్కడ కత్తులు లేవు. ముందుగా రాడ్లు పట్టుకొచ్చినవాళ్ళూ లేరు. తడి రంగు సంగతి రెండింట్లోనూ రాలేదు.

నాయనకు చానెల్ నుంచి ఫోను వచ్చింది. ఆయన సోఫా అంచున కూర్చుని, పది మంది రాడ్లు పట్టుకుని వచ్చినారని చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. మొదటిసారి చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. మూడోసారికి చూశాడు. ఆయన కళ్ళలో తడబాటు లేదు. చెప్పి చెప్పి ఆయనే నమ్మేశాడు. ఊరి నుంచి మా చిన్నాయన ఫోను చేసినప్పుడు, కావాలంటే పాపను అడుగు, పాప చూసింది అని ఫోను నా చెవికి పెట్టాడు.

"వాళ్ళే ముందు కొట్టినారు చిన్నాయనా. మనోళ్ళు ఊరికే ఉన్న్యారు" అన్నాను.

నాకు ఎవరూ నేర్పలేదు. రెండు రోజులుగా ఇంట్లో విన్నదే నోట్లోకి వచ్చింది. నాయన నా తల నిమిరాడు. ఆ నిమరడం నాకు బాగుంది. అది కూడా దాచకుండా చెప్పాలి.

చిన్నాయన ఆ మాటను రికార్డు చేశాడు. చిన్నపిల్ల అబద్ధం చెబుతుందా అని రాసి గ్రూపుల్లో పెట్టాడు. మూడో రోజు మామ ఊర్లో ఆయన తమ్ముణ్ణి ఆటోలోంచి లాగి, నడిరోడ్డు మీద రెండు మోకాళ్ళూ విరగ్గొట్టారు. ఆటోకు నిప్పు పెట్టారు. కొట్టేటప్పుడు నా గొంతు ఫోన్లో గట్టిగా పెట్టి వినిపించారట. మరునాడు మా ఊర్లో చిన్నాయన ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. వాకిట్లో కూర్చున్న నాయన వాళ్ళమ్మ, మా జేజి తల పగిలింది. ఆ రెండు వీడియోలూ మా హాల్లో టీవీలో వచ్చాయి. అమ్మ టీవీ తీగ పీకేసింది.

ఆ వారమంతా అత్త ఆసుపత్రికీ పని ఇంటికీ తిరుగుతూ ఉంది. నా జడలు అమ్మే హడావిడిగా వేసేది. ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. వంటింట్లో నేల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి రమ్మంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఫోను తీసి నా గొంతు నాకు వినిపించింది. ఆపేసింది.

"ఆ పొద్దు జరిగింది నాకు చెప్పు పాపా. ఒకటే మాట. మనోళ్ళు అనద్దు, వాళ్ళు అనద్దు. ఎవరి చెయ్యి ఏం చేసిందో అది చెప్పు."

నేను మొదలుపెట్టాను. "వాళ్ళు వచ్చి..." అన్నాను. ఆపమని అత్త చెయ్యి ఎత్తింది.

"ఎవరు?"

"మామ."

"ఇంకా ఎవరొచ్చినారు?"

ఎవరూ రాలేదు. ఆ మాట చెప్పగానే నా లోపల ఏదో కూలింది. పది మంది రాడ్లు పట్టుకుని వచ్చారని నేనే చాలాసార్లు చెప్పాను. పేరు పెట్టి చెప్పమనేసరికి ఆ పది మంది లేరు. మళ్ళీ మొదలుపెట్టాను. మామ చేతిలో రంగు కొట్టే గన్ను ఉంది. రంగు ఆరలేదన్నాడు. ఎవరో తోశారు. మామ ఫ్లెక్సీ మీద పడ్డాడు. ప్రతి మాటకూ ఆమె తల ఊపుతూ వచ్చింది. బియ్యంలో వేళ్ళు మాత్రం కదలడం లేదు. తర్వాత మాట నాయన చెయ్యి. అక్కడికొచ్చి నా నోరు పడిపోయింది. నాలుక పైకి లేవలేదు. అత్త ఎదురుచూసింది. చాలాసేపటికి లేచి గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, పానా ఎత్తి కొట్టింది నాయన చెయ్యి అని చెప్పాను.

ఇదంతా రికార్డు చేసినావా అత్తా అని అడిగాను. ఆ రోజుల్లో మాకు ఫోను లేకుండా ఏ మాటా జరగదని తెలుసు.

"చేసి పంపితే అది గూడా ఒక పక్కోళ్ళ మాట అయితాది" అంది. "నీకు తెలియాల. నాకు అంతే కావాల."

సాయంత్రం నాయన రాగానే, చెప్పులు విడవకముందే, ముందు కొట్టింది నువ్వు కదా నాయనా అన్నాను. ఆయన నన్ను అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు. ఆ చెంపదెబ్బకు నేను గోడకు తగిలాను, పెదవి చిట్లింది. అమ్మ వచ్చి మా మధ్య నిలబడింది. నాయన నా పెదవి మీది నెత్తురు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అక్కడే, గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు.

మరునాడు ఆయన తన ఫోన్లో తన ముఖం పెట్టుకుని మాట్లాడాడు. కాగితం ముక్కలు, తడి రంగు, ఒక్క మనిషి, పానా, అన్నీ చెప్పాడు. దాన్ని గ్రూపులో పెట్టాడు. నిమిషంలో గ్రూపులోంచి తీసేశారు. అమ్ముడుపోయాడన్నారు. చానెల్‌కు ఫోను చేస్తే పెట్టేశారు. ఇంకో చానెల్ మాత్రం ఆ వీడియోలోంచి "నేనే కొట్టినాను" అన్న ఒక్క ముక్క కోసుకుని, కత్తుల బొమ్మలు పక్కన పెట్టి రోజంతా తిప్పింది. నాలుగో రోజు గ్యారేజీ వెనక, కేకు తిన్న మనుషులే నాయనను చుట్టుముట్టి కొట్టారు. మూడు పక్కటెముకలు విరిగాయి. చెంప చీలిన స్నేహితుడు కూడా వాళ్ళలో ఉన్నాడు.

నాయన మామ కాళ్ళ మీద పడ్డాడని అమ్మ తర్వాత చెప్పింది. మామ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడట. క్షమించలేదు. క్షమించి ఉంటే కథ బాగుండేదేమో గానీ, జరగలేదు. ఒంటి కన్నుతో రంగు కలిపితే తేడా వస్తోందని షెడ్డులో మాన్పించారు. మామ ఊరికి వెళ్ళిపోయాడు. అత్త రుమైథియా ఇంట్లోనే రాత్రీ పగలూ ఉండే పనికి మారి, గది ఖాళీ చేసింది. వెళ్ళే రోజు పొద్దున నన్ను పిలిచి రెండు జడలు వేసింది. తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఇప్పుడు మా పిల్లలు ఫోను పట్టుకుని పరిగెత్తుకొస్తారు. చూడమ్మా మనవాళ్ళను ఎలా కొట్టారో అంటారు. కూర్చోబెట్టి, ఆ రెండు మాటలు లేకుండా చెప్పమంటాను. చాలాసార్లు వాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. విసుక్కుంటారు. అది పిల్లలకు నేర్పడం తేలికే.

నాకు నేను నేర్పుకోవడమే కష్టంగా ఉంది. ఏ గొడవ గురించి చెబుతున్నా, నా మాట ఒకచోట తడబడుతుంది. అక్కడ గబగబా దాటిపోవాలనిపిస్తుంది. ఆ దాటేసే చోట దాదాపు ఎప్పుడూ నాకు కావలసిన మనిషి ఒకరుంటారు. కొన్నిసార్లు నేనే ఉంటాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ నాలుక ఎండిపోతుంది. ఆగి, కాసిని నీళ్ళు తాగి, ఆ పేరు చెప్పి ముందుకు పోతాను.